తిరుమల ఏడు కొండలను ఒంటరిగా ఒక్కరోజులో నడిచి రావచ్చా?

తిరుపతిలో దిగి, తోడెవరూ లేకుండా, తెల్లవారుజాము నుంచి సాయంత్రంలోగా ఏడు కొండల శిఖరాలనూ కాలినడకన కలుపుకుంటూ రావడం సాధ్యమేనా అని మీరు అడిగారు. నేను తిరుపతిలోనే పుట్టి పెరిగినవాడిని, మెట్లదారి నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. కొన్నేళ్ల కిందట జనవరిలో, సంక్రాంతి దాటిన మరుసటి వారం, మీరు అనుకుంటున్న నడకను దాదాపుగా చేశాను. ‘దాదాపుగా’ అని ఎందుకు అంటున్నానో కింద చెబుతాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అని మనం వరుసగా చెప్పుకునే ఏడు పేర్లు ఆదిశేషుని ఏడు పడగలకు పెట్టుకున్న పేర్లు. ఒక్కొక్క దానికి విడిగా ఒక కొన, ఆ కొనకు ఒక కాలిబాట, దాని మీద ఒక గుర్తురాయి ఉంటాయని అనుకుంటే మీరు నిరాశపడతారు. కింద నుంచి చూస్తే కోటగోడలా కనిపించే ఈ కొండలు పైకి వెళ్లాక చాలావరకు ఎత్తుపల్లాల పీఠభూమిగా మారిపోతాయి. ఏ కొండ ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలైందో నడిచేవాడికి తెలియదు. పైగా ఊరి హద్దు దాటిన అడవి అంతా రక్షిత ప్రాంతం. 1989లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానాన్ని ఏర్పాటు చేశారు, 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. తుంబురు తీర్థం, కుమారధార, రామకృష్ణ తీర్థం వంటి చోట్లకు ఏడాదికోసారి ఆ తీర్థానికి జరిగే ముక్కోటి ఉత్సవం నాడు వేలమందితో కలిసి వెళ్లాలే తప్ప, మామూలు రోజున ఒంటరిగా వెళ్లకూడదు. చిరుతల సంగతి అలా ఉంచండి, ఇది ఎర్రచందనం అడవి. దుంగల దొంగల కోసం ఎప్పుడూ గాలింపు జరిగే చోట, వీపున సంచితో ఒంటరిగా తిరిగే మనిషిని చూసి ఇతను సరదాగా నడవడానికి వచ్చాడని ఎవరూ అనుకోరు.

కాబట్టి మిగిలేది ఇది: అలిపిరి మెట్లదారిన ఎక్కడం, పైన అనుమతి ఉన్న ఎత్తైన చోట్లను చూడడం, శ్రీవారి మెట్టు అనే రెండో మెట్లదారిన దిగడం. నా లెక్కలో అదే ఒక నిండు రోజు పని. ఇందులో కాళ్ల సత్తువ కన్నా గేట్లు తెరిచే, మూసే వేళలే మీ నడకను శాసిస్తాయి.

అలిపిరి దారి తెల్లవారుజామున నాలుగింటికి తెరుస్తారు. నేను నాలుగుం పావుకు పాదాల మండపం దగ్గర చెప్పులు విప్పి నడక మొదలుపెట్టాను. సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. అయితే ఈ మెట్లు దారి పొడవునా సమానంగా ఉండవు. తలయేరు గుండు దాటినప్పటి నుంచి గాలి గోపురం దాకా నిట్టనిలువు ఎక్కుడు, మెట్లలో సగానికి పైగా అక్కడే అయిపోతాయి. గాలి గోపురం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే తిరుపతి దీపాలు పరిచినట్టు కనబడతాయి. ఆ తరువాత దారి చదును పడుతుంది, మనిషికి ధీమా వస్తుంది, వేగం పెరుగుతుంది. ఆ తొందరే పొరపాటు. జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయ స్వామి విగ్రహం దాటాక కాసేపు ఘాట్ రోడ్డు పక్కన నడిపించి, చివరలో మోకాళ్ల మెట్టు మళ్లీ నిలువుగా లేస్తుంది. ఎక్కేటప్పుడు మోకాళ్లు గడ్డానికి తగులుతాయేమో అనిపించే ఆ మెట్లను కొందరు మొక్కు తీర్చుకోవడానికి మోకాళ్లతోనే ఎక్కుతారు. ఆ రోజు నా ముందు ఒక పెద్దావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ, నడుము నిలబెట్టకుండానే పైకి జరుగుతున్నారు. ఆమె వేళ్ల గుర్తులు పడిన తడి పసుపు మీద అడుగు వేయడానికి మనసొప్పక నేను మెట్ల అంచున నడిచాను. ఒంటరి సాహసం చేస్తున్నానన్న గర్వం నాలో ఏమైనా మిగిలి ఉంటే అది అక్కడితో పోయింది.

ఎక్కుతూ రాళ్లను గమనించండి. కింది భాగంలో ఉన్నవి గుండ్రని పెద్ద గ్రానైటు బండలు. పైకి వెళ్లేకొద్దీ పలకలు పేర్చినట్టున్న, ఎరుపు తిరిగిన క్వార్ట్‌జైటు రాయి వస్తుంది. కింది రాయికీ పై రాయికీ నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరాల కాలం లోపించిందని భూవిజ్ఞానులు చెబుతారు. ఆ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కన స్పష్టంగా కనిపిస్తుంది, దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు కూడా. కింద ఏటవాలుగా ఉన్న కొండ పైన ఒక్కసారిగా గోడలా నిలవడానికి కారణం ఈ గట్టి పై రాయే. మీ తొడలకు ఆ తేడా తెలిసిన చోటే మీ కంటికీ తెలుస్తుంది.

ఏడున్నరకు తిరుమల చేరాను. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ప్రాంతంలో ఉంటే తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే అసలు ఎక్కుడు అప్పటికే అయిపోయినట్టే. అక్కడ నా సొంత తెలివితక్కువతనం వల్ల ముప్పావు గంట పోయింది. భుజం తేలికగా ఉంటుందని సంచిని అలిపిరి దగ్గర సామాన్ల కౌంటరులో ఇచ్చేశాను. వాళ్లు దానిని ఉచితంగా పైకి చేరుస్తారు, కానీ నా చెప్పులు, టోపీ, మందులు అన్నీ అందులోనే ఉన్నాయి. సంచి చేతికి వచ్చేదాకా చలిరాయి మీద వట్టి కాళ్లతో నిలబడవలసి వచ్చింది. రోజంతా నడిచే ఉద్దేశం ఉంటే చిన్న సంచిని మీ వెంటే ఉంచుకోండి. నీళ్లకు స్టీలు సీసా తెచ్చుకోండి, తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం.

నారాయణగిరి మీది శ్రీవారి పాదాలు తిరుమలలో అందరూ వెళ్లగలిగిన అత్యంత ఎత్తైన చోటు. మీరు శిఖరం అని పిలవదగినది ఏదైనా ఉంటే అది ఇదే. స్వామి వైకుంఠం నుంచి దిగి మొదట పాదం మోపింది ఇక్కడేనని నమ్మకం. ఏటా ఛత్రస్థాపనోత్సవం జరిగేదీ ఇక్కడే. జీపులు పైదాకా వెళతాయి కనుక దారిలో దుమ్ము, హారన్లు తప్పవు, ఎంతో ఊహించుకుని వెళ్లకండి. అయినా పైన నిలబడి చూస్తే ఆలయ గోపురం, దాని చుట్టూ సత్రాలు, వాటి వెనుక ఎటు చూసినా తరగని అడవి, ఆ మూడూ ఒక్క చూపులో ఇమిడే చోటు ఇదొక్కటే. దిగేటప్పుడు శిలాతోరణం దగ్గర ఆగాను. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఈ సహజమైన రాతి తోరణం మీద ఎక్కడానికి వీలులేదు, కంచె ఉంది.

ఇక ‘దాదాపుగా’ సంగతి. ఆకాశగంగ, పాపవినాశనం వైపు నడిచే వెళదామని బయలుదేరాను. పాపవినాశనం ఆలయానికి సుమారు 5 కిలోమీటర్ల దూరం, రోడ్డు మంచిది. కానీ చెక్‌పోస్టు దగ్గర సిబ్బంది ఆపి, పార్వేట మండపం పరిసరాల్లో ఏనుగులు తిరుగుతున్నాయని, ఒంటరిగా నడవవద్దని చెప్పారు. నాలుగు రోజుల కిందటే, కనుమ నాడు, అదే మండపం దగ్గర స్వామివారి పార్వేట (వేట) ఉత్సవం వేలమంది నడుమ జరిగింది. ఆ జనం ఉన్నచోట ఏనుగులేమిటని నాకు అనిపించింది గానీ వాదించలేదు. వెనక్కి వచ్చి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోంచేసి, ఆర్టీసీ బస్సెక్కి అటు పోయాను. అంటే నా నడక గొలుసులో ఒక లంకె తెగిపోయింది. ఊరికి వచ్చాక కొందరు మిత్రులు ‘పక్కదారిన పోయి ఉండాల్సింది’ అన్నారు. నేను మాత్రం అలా చేయను, మీకూ చెప్పను. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తరువాతే పిల్లలను మధ్యాహ్నం దాటాక ఆ దారిన పంపకపోవడం, భక్తులకు చేతికర్రలు ఇవ్వడం, గుంపులుగా నడిపించడం మొదలయ్యాయి. ఎవరైనా ఆపితే ఆగిపోవడమే మర్యాద, క్షేమం కూడా.

ఆ రోడ్డు మీదే వచ్చే జాపాలి తీర్థానికి మాత్రం నడక తప్పదు. రోడ్డు మీది నుంచి అడవి నీడలో మెట్లు దిగి ఆంజనేయ స్వామి గుడికి చేరాలి. 2021 శ్రీరామనవమి నాడు హనుమంతుడి జన్మస్థలం తిరుమలలోని అంజనాద్రే అని దేవస్థానం ప్రకటించినప్పటి నుంచి ఇటు రద్దీ పెరిగింది. దిగినంత మేర మళ్లీ ఎక్కాలన్నది మరచిపోకండి. పొద్దున 3,550 మెట్లెక్కిన కాళ్లకు ఈ చిన్న ఎక్కుడే పెద్ద కొండలా తోచింది.

శ్రీవారి మెట్టు పైభాగానికి పావు తక్కువ నాలుగింటికి చేరాను. ఈ దారిని సాయంత్రం ఆరింటికి మూసివేస్తారు, అందుకే నాలుగు దాటితే దిగడం మొదలుపెట్టవద్దని నా సలహా. సుమారు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. దూరం చిన్నదే, కానీ దిగుడంతా మోకాళ్ల మీదే పడుతుంది. చంద్రగిరి వైపు నుంచి కొండెక్కడానికి ఇదే దగ్గరి దారి. ఏడుసార్లు తిరుమలకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు ఈ దారినే ఎక్కేవారని మా వైపు పెద్దలు చెబుతారు. 2021 నవంబరు వానలకు ఈ దారి బాగా దెబ్బతింటే మరమ్మతులు చేసి 2022 మేలో తిరిగి తెరిచారు. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వాయుగుండం వార్త వింటే ప్రయాణం మానుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నింటికన్నా అనుకూలం. మార్చి దాటితే మధ్యాహ్నం రాయి కాలుతుంది.

సగం దిగేసరికి నా కుడి మోకాలు మాట వినడం మానేసింది. నేరుగా దిగకుండా, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, పిట్టగోడ పట్టుకుని దిగాను. చేతికర్ర ఉండి ఉంటే అంత అవస్థ ఉండేది కాదు. ముప్పావు గంటలో అయ్యే దిగుడుకు గంటా పది నిమిషాలు పట్టింది. కింద నుంచి శ్రీనివాసమంగాపురం దాకా మరో అయిదు కిలోమీటర్ల చిల్లర ఉంటుంది. నడుద్దామనే అనుకున్నాను కానీ పక్కన ఆగిన షేర్ ఆటోను కాదనలేకపోయాను.

ఒంటరితనం గురించి ఒక్క మాట. గాలి గోపురం, కొండపైన, జాపాలి, మెట్టు దిగువ, ఈ నాలుగు చోట్ల నుంచి తమ్ముడికి ఫోను చేస్తానని ముందే చెప్పాను, ఒక చోటు నుంచి గంట ఆలస్యమైతే వాడు వెతకడం మొదలుపెట్టాలన్నది మా ఒప్పందం. మీరూ ఇలాంటి ఏర్పాటు చేసుకోండి. దర్శనాన్ని మాత్రం ఈ ప్రణాళికలో కలపవద్దు, క్యూలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. దానికి మరో రోజు పెట్టుకోండి. నేను మహాద్వారం ఎదుట నిలబడి దండం పెట్టుకుని వచ్చేశాను. ఇంటికి చేరగానే మా అమ్మ కాళ్లకు వేడినీళ్లు పెడుతూ, ‘ఏందిరా, కొండకి పొయ్యి దేవుణ్ణి చూడకుండానే వస్తివా?’ అని అడిగింది. మరుసటి వారం ఆవిడను వెంటబెట్టుకుని బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని వచ్చాను.