తీర్మానం తర్వాత, ముందు పని

తమ్ముడూ,

మీ నాలుగు తెగలు కలిసి వాతావరణ మార్పు మీద వేదిక పెడుతున్నారని సంతోషంగా ఉంది. నువ్వు పంపిన తీర్మానం చదివాను, బాగా రాశారు. కానీ సంతకాలకు తొందరపడకండి. ముందు ఒక పని పట్టుకోండి. ఏ తెగా ఒంటరిగా చేయలేని పనై ఉండాలి.

ఉత్తర ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ సంగతి చూడు. వానలు వెనక్కి తగ్గగానే, గడ్డిలో ఇంకా పచ్చి ఉండగానే చిన్న చిన్న మంటలు పెట్టడం అక్కడి ఆదివాసుల పాత పద్ధతి. జనం ఆ నేల వదిలి వెళ్లాక ఆ పని ఆగింది, పొడి కాలం చివర్లో పెద్ద కార్చిచ్చులు మొదలయ్యాయి. ముందుగా పెట్టిన మంట మెల్లగా, అక్కడక్కడా ఆగుతూ పోతుంది. భూమిని వేడెక్కించే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులు తక్కువగా వెలువడతాయి. 2006 నుంచి వేర్వేరు వంశాల ఆదివాసీ రేంజర్లు (నేలను, అడవిని చూసుకునేవాళ్లు) దాదాపు 28,000 చదరపు కిలోమీటర్లలో ఈ పనిని కలిసి చేస్తున్నారు. అలా తగ్గిన ఉద్గారాలకు, తను వదిలేవాటికి బదులుగా, అక్కడి డార్విన్ నగరంలోని ఒక గ్యాస్ ప్లాంటు డబ్బు కట్టింది (అది నాకు పెద్దగా మింగుడుపడదు, సరే). మంట సరిహద్దులు చూసుకుని ఆగదు కదా. ఎవరి నేలలో నిప్పు పెట్టాలంటే ఎవరిని అడగాలో కూర్చుని తేల్చుకోక తప్పదు. మీకు అలాంటి ఉమ్మడి పని ఏరు కావచ్చు, విత్తనాలు కావచ్చు. అలా తేల్చుకున్నవాళ్లు ఆ తర్వాత ఏ సదస్సుకు వెళ్లినా ఒకే మాట మీద ఉంటారు.

ఇక డబ్బు. చాలా వేదికలు విడిపోయేది ఇక్కడే. 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో కొన్ని ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు ఆదివాసులకు, స్థానిక సముదాయాలకు 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మొదటి ఏడాది ఖర్చులో నేరుగా వాళ్ల సంఘాలకు చేరింది 7 శాతమే, మిగతాది మధ్యవర్తుల ద్వారా నడిచింది. అందుకే పైసా రాకముందే ఖాతా ఎవరిదో, లెక్కలు ఏ భాషల్లో చదివి వినిపిస్తారో రాసుకోండి.

చిన్న తెగ వద్దంటే ఏం చేస్తారో కూడా అందులోనే ఉండాలి. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చూపించి, ముందుగా, అన్నీ తెలిసి, బలవంతం లేకుండా ఇచ్చే సమ్మతి కావాలని ప్రభుత్వాలను నిలదీస్తాం. మనలో పెద్ద తెగ చిన్న తెగను మాత్రం అడగదు! నీది పెద్ద తెగ కాబట్టి ఈ ముక్క నీకే చెబుతున్నాను.

కోర్టుకు వెళ్లాలా అని అడిగావు. ఆర్కిటిక్ మంచు ప్రాంతపు ఆదివాసులైన ఇనూయిట్లు వాతావరణ మార్పు మీద 2005లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు పిటిషన్ వేస్తే, మరుసటి ఏడాదే పక్కన పెట్టేశారు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న టోరెస్ జలసంధి ద్వీపవాసులు 2019లో ఐరాస మానవ హక్కుల కమిటీకి వెళ్లారు. 2022లో కమిటీ, ఆస్ట్రేలియా ప్రభుత్వం వాతావరణ మార్పు నుంచి వాళ్లను తగినంతగా కాపాడలేదని తేల్చింది. సముద్రం కోసేసిన పూర్వీకుల సమాధులు, ఉప్పెక్కిన నేలలో కాపు మానేసిన కొబ్బరిచెట్లు, ఇలాంటివే వాళ్లు ముందు పెట్టిన వివరాలు. కాబట్టి వెళ్లినా వెళ్లకపోయినా, మీ పెద్దలు చెప్పేది తేదీ, చోటుతో సహా ఇప్పుడే రికార్డు చేయండి. కాపీ ప్రతి తెగ దగ్గరా ఉండాలి. మందు మొక్కల సంగతులు మాత్రం అందులో ఎక్కించకు. వాటి మీద పేటెంట్లు తీసుకోవాలని చూసేవాళ్లు ఉంటారు.

ఇట్లు,
అన్న