తిరగబడిన ఓరియన్

అమ్మడూ,

పాత నక్షత్రపటాలూ భూపటాలూ కలిపి ప్రదర్శన పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం వల్ల కూడా అనుకో.

ముందు తేలికైనవి. ప్రతి పటం కిందా అది గీసిన సంవత్సరం రాసిపెట్టు. నక్షత్రపటమైతే అది ఏ కాలపు ఆకాశమో కూడా రాయి. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల నక్షత్రాల స్థానాలు జరుగుతుంటాయి, అదే అయనచలనం, 72 ఏళ్లకు సుమారు ఒక డిగ్రీ. రెండో శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ పట్టికలోని 1022 నక్షత్రాల రాశిచక్ర రేఖాంశాలకు ఇవాళ సుమారు 27 డిగ్రీలు కలపాలి. నింగినీ నేలనూ రెండు గదుల్లో పెట్టావో, ఊరుకోను. ధ్రువనక్షత్రం ఎత్తు కొలిచే కదా అక్షాంశం తెలుసుకున్నారు! గురుగ్రహం ఉపగ్రహాల గ్రహణాలే గడియారంగా రేఖాంశాలు కట్టినప్పుడు, ఫ్రాన్స్ పడమటి తీరం పాత పటాల్లో ఉన్నచోటు నుంచి తూర్పుకు జరిగింది.

ఇక నా తప్పు. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నీ వయసులో ఒక ప్రదర్శనకు వివరణలు రాశాను. అందులో పదిహేడో శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త హెవీలియస్ గీసిన నక్షత్రపటాల నకళ్లు ఉన్నాయి. ఓరియన్ అనే వేటగాడి నక్షత్రరాశి బొమ్మలో, పైన ఎడమవైపు ఉండాల్సిన ఆరుద్ర నక్షత్రం కుడివైపున ఉంది. నాకు ఎంత ఆనందమో! "చెక్కినవారు పొరపాటున బొమ్మను తిరగేశారు" అని కార్డు రాసి తగిలించాను. ఎవరినీ అడగలేదు. అడిగితే నా తెలివి పంచుకోవాల్సి వస్తుందేమోనని.

పదకొండో రోజు సాయంత్రం, అందరూ వెళ్లాక, పక్క గదిలో ఖగోళ గోళం మీది దుమ్ము తుడుస్తున్నాను. గుడ్డ కింద అదే ఓరియన్, అలాగే తిరగబడి. కాళ్లు వణికాయి. గోళం మీద ఆకాశాన్ని మనం బయటి నుంచి చూస్తాం, కుడి ఎడమలు మారతాయి. హెవీలియస్ తన పటాలను కావాలనే ఆ పద్ధతిలో గీశాడు. పారశీక ఖగోళ శాస్త్రవేత్త అల్ సూఫీ అయితే 964 నాటికే ప్రతి నక్షత్రరాశినీ రెండుసార్లు గీశాడు, నేల మీంచి కనబడేలా ఒకటి, గోళం మీద ఉండేలా ఒకటి. పుస్తకాలు నా బల్ల మీదే ఉన్నాయి! హెవీలియస్ 1687లో పోతే, మిగిలిన పనిని 1690లో అచ్చు వేయించింది ఆయన భార్య ఎలిజబెత్. ఆ ఇద్దరి శ్రమ కింద నా కార్డు పదకొండు రోజులు వేలాడింది. చీకట్లో పీకి జేబులో పెట్టుకున్నాను.

అందుకే, పాతవాళ్లది తప్పు అని రాయబోయే ముందు ఒక రాత్రి ఆగు. నీకు తొందర ఎక్కువ, నా పోలికే. ఆ వాక్యాలు మాత్రం అచ్చుకు ముందు నాకు పంపు. పెద్ద అక్షరాల్లో పంపు తల్లీ, కళ్లు మునుపటిలా లేవు.

ఇంకొకటి. మేడ మీద నక్షత్రాలు చూస్తూ వెనక్కి అడుగులు వేయకు. ముందు పిట్టగోడ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు తల ఎత్తు.

మీ మామయ్య