బేస్‌మెంట్ గోడలు సాండింగ్ చేసే ముందు

చిరంజీవికి బాబాయ్ ఆశీస్సులు.

కొలంబస్‌లో మీ బేస్‌మెంట్ ఫోటోలు చూశాను. డ్రైవాల్ (గోడకు కొట్టే జిప్సం పలకలు) బిగించి, జాయింట్లకు టేపు వేసి, మడ్ (అతుకులు కప్పే ముద్ద) పూయడం కూడా అయిపోయిందన్నమాట. శనివారం ఆ మడ్ రుద్ది నునుపు చేసే మిషన్, అదే సాండర్, అద్దెకు తెస్తానని పిన్నితో చెప్పావట. తెచ్చే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు నాన్నా.

మా ఇంట్లో మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను హీటింగ్ ఆపలేదు. కింద లేచిన పొడిని రిటర్న్ గ్రిల్ (గదిలో గాలిని హీటింగ్ లోపలికి లాగే జాలీ) లాక్కుని పై గదులన్నిటికీ పంచింది. వారం తర్వాత కూడా దేవుడి పటాల మీద వేలు పెడితే తెల్లగా అంటుకునేది. అప్పుడు మీ నాన్నమ్మ మా దగ్గరే ఉంది. పది రోజులు దగ్గింది. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మన ఊళ్లో లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దుతారు చూడు, ఇదీ అలాంటి పనే. మడ్‌లో సున్నపురాయి పిండి, టాల్కం, మైకా ఉంటాయి, కొన్ని రకాల్లో సిలికా కూడా. రుద్దితే లేచే ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

దుమ్ము గాల్లోకి లేచాక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, పుట్టిన చోటే లాగేయాలి. అందుకని డిస్క్‌కు చిల్లులుండి, వ్యాక్యూమ్ హోస్ తగిలించుకునే సాండరే తీసుకో. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1999లో ప్రచురించిన పరీక్షల్లో ఇలాంటివి దుమ్మును 80 నుంచి 97 శాతం తగ్గించాయి. వ్యాక్యూమ్‌లో సన్నదుమ్ము సంచి, అతి సన్నని పొడిని కూడా ఆపే హెపా ఫిల్టర్ రెండూ ఉండాలి. సంచి లేకపోతే ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. మోటారు శబ్దం కీచుమని మారిందంటే వెంటనే ఆపి చూడు.

ఇక చేతి సంగతి. 150 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించు. సాండర్ తల గోడకు సమంగా ఆనాక కొద్దిగా మాత్రమే ఒత్తు, ఒకే చోట ఆపకు. నేను తొందరపడి ఒక జాయింటు దగ్గర నొక్కితే టేపు బయటపడింది, మళ్లీ మడ్ పూయాల్సి వచ్చింది. డ్రైవాల్ పలక పైనుండే కాగితం మీద రుద్దితే నూగు లేస్తుంది, రంగు వేశాక అది దాగదు. తల గోడకు అతుక్కుపోతుంటే వ్యాక్యూమ్ లాగడం ఎక్కువైనట్టు, గాలి వాల్వు కొంచెం తెరువు. మూలలు మిషన్‌తో వద్దు, తడి స్పాంజితో చేత్తో చెయ్యి. దుమ్మే ఉండదు.

హీటింగ్, ఏసీ ఆపి బేస్‌మెంట్‌లోని గ్రిల్స్‌ అన్నిటికీ ప్లాస్టిక్ అంటించు. మెట్ల దగ్గర జిప్పున్న ప్లాస్టిక్ తెర కట్టు. కిటికీలో ఫ్యాన్ పెట్టి గాలి బయటికి తోలడం మంచిదే, కానీ మీ గ్యాస్ వాటర్ హీటర్ అక్కడే ఉంది. ఫ్యాన్ నడుస్తుంటే దాని పొగ చిమ్నీలోంచి పైకి పోకుండా వెనక్కి, ఇంట్లోకి రావచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. అందుకే ఫ్యాన్ ఉన్నంతసేపూ హీటర్ ఆపెయ్యి. ఈ మాట మరిచిపోవద్దు.

మాస్క్ ఎన్95 అయినా ఉండాలి, పీ100 అయితే ఇంకా మంచిది. గడ్డం ఉంటే మాస్క్ మొహానికి అతుక్కోదు. శుక్రవారమే తీసెయ్యి.

పని అయ్యాక చీపురు ముట్టుకోకు. రాత్రంతా వదిలేసి, పొద్దున హెపా వ్యాక్యూమ్ పట్టి, తర్వాత తడిగుడ్డతో తుడువు. ఆ బట్టలతో పైకి వెళ్లి పాపను ఎత్తుకోకు, కిందే మార్చుకో.

అన్నట్టు, పై అంతస్తు పాత గోడల జోలికి ఇప్పుడే పోకు. మీ ఇల్లు 1974లో కట్టింది కదా, ఆనాటి మడ్‌లో ఆస్బెస్టాస్, రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా గీకొద్దు.

సాండింగ్ అయ్యాక లైటు గోడకు పక్కగా పెట్టి ఫోటోలు తీసి పంపు. ఎత్తుపల్లాలు నీడల్లో కనిపిస్తాయి. నేను చూశాకే ప్రైమర్ (రంగుకు ముందు పూత) వెయ్యి.

నీ బాబాయ్