మనకు తలుపు తెరిచింది కెనడీ కాదు, జాన్సన్

‘అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఏ అమెరికా నాయకుడికి ఎక్కువ రుణపడి ఉన్నారు?’ అన్న ప్రశ్నకు చాలామంది అధ్యక్షుడు కెనడీ పేరు చెబుతారు. నా సమాధానం, కెనడీ తరువాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్. నేను ఆస్టిన్‌లో ఉంటాను కనుక టెక్సస్ మనిషి పట్ల పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు.

1946 నాటి చట్టం భారతీయులకు ఏడాదికి 100 వలస వీసాలే ఇచ్చేది. దీన్ని మార్చాలని 1963లో కెనడీ ప్రతిపాదించిన మాట నిజమే. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా! అమెరికాలో ఆ పూజారి కాంగ్రెస్. ఆ పూజారిని ఒప్పించే విద్య జాన్సన్‌కు తెలిసినంతగా కెనడీకి తెలియదు. 1948లో పార్టీ అభ్యర్థిత్వాన్ని కేవలం 87 ఓట్ల తేడాతో దక్కించుకుని (వాటిలో దొంగ ఓట్లెన్నో అన్న చర్చ నేటికీ తెగలేదు) సెనేట్‌కు చేరిన జాన్సన్‌కు, ఏ సభ్యుడు దేనికి లొంగుతాడో కంఠతా వచ్చు. 1964లో పౌరహక్కుల బిల్లును దక్షిణాది సెనేటర్లు వారాల తరబడి ప్రసంగాలతో అడ్డుకుంటే, ప్రతిపక్ష నాయకుడు డర్క్‌సన్‌ను కలుపుకుని 71–29 ఓట్లతో ఆ అడ్డు తొలగింపజేశారు. మరుసటి ఏడాది అక్టోబరు 3న, స్వేచ్ఛా ప్రతిమ ఉన్న దీవిలో, ఆ 100 వీసాల హద్దును తొలగించిన వలస చట్టంపై సంతకం చేశారు. ఇది విప్లవాత్మకమైన బిల్లేమీ కాదని ఆయనే ఆనాడు అనడం విచిత్రం. మనవాళ్లు నిండిన నేటి డాలస్, ఎడిసన్ వీధుల్లో ఒకసారి తిరిగి ఉంటే ఆ మాట అనేవారు కాదు.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనను జాన్సన్ గ్రంథాలయానికి తీసుకువెళ్లాను. అక్కడ ఫోన్ రిసీవర్ ఎత్తితే జాన్సన్ నాటి సంభాషణలు వినిపిస్తాయి. నాన్నగారు ఒకటి చెవికి ఆనించుకుని, ఆ టెక్సస్ యాస ఒక్క ముక్క అర్థం కాకపోయినా చాలాసేపు విన్నారు. పెట్టేసి, “మన గోధుమల ఓడలు ఆపించింది ఈయనేనా?” అన్నారు. బడిలో అమెరికా గోధుమ రవ్వ ఉప్మా తిన్న తరం ఆయనది. 1965–66లో దేశం కరవుతో అల్లాడుతుంటే, వ్యవసాయ విధానం మార్చుకోవాలనీ వియత్నాం విషయంలో తనను విమర్శించరాదనీ జాన్సన్ గోధుమలను నెలకింత చొప్పున బిగపట్టి పంపిన మాట వాస్తవం. “అవునండీ, మీ అబ్బాయిని ఇక్కడికి రానిచ్చిందీ ఆయనే” అన్నాను. “అయితే పెట్టే చెయ్యీ కొట్టే చెయ్యీ ఒకటే అన్నమాట” అంటూ ఆయన రెండో రిసీవర్ ఎత్తారు.

మన సంఘాల సభల్లో వక్తలు మన ప్రతిభ వల్లనే ఇంతటివారమయ్యామని గంటల కొద్దీ చెబుతారు. 1965కు ముందు తెలుగువారికి ప్రతిభ లేదా? ఉంది, వీసా లేదు. వియత్నాం యుద్ధం కారణంగా 1968లో మళ్లీ పోటీ చేయనని ప్రకటించి తప్పుకున్న జాన్సన్‌ను ఆ సభల్లో ఎవరూ తలచుకోగా నేను వినలేదు.

1965 నాటి ఆ వలస చట్టంలోనే ఏడాదికి ఒక్కో దేశానికి 20,000 వీసాలే అన్న పరిమితి కూడా ఉంది. అదే 1990లో మొత్తం వీసాల్లో ఒక్కో దేశానికి ఏడు శాతంగా రూపు మార్చుకుని, నేడు మన పిల్లలను గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబెడుతోంది. దాన్ని సడలించే బిల్లులు వస్తూనే ఉన్నాయి, ఆగిపోతూనే ఉన్నాయి. వాటిని గట్టెక్కించాలంటే సెనేట్‌లో ఓట్లు లెక్కపెట్టడం తెలిసిన మరో జాన్సన్ కావాలి. ప్రస్తుతం ఏ పార్టీలోనూ అటువంటివాడు నాకు కనబడటం లేదు.