ఖాళీగా కనిపించే వెనక పేజీ కూడా కావాలి

ప్రశ్న: మేడమ్, ఆర్కైవ్స్‌లో ఉన్న పాత ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు స్కాన్ చేసి పరిశోధకులకు పంపే పని ఆరు నెలల క్రితం మొదలుపెట్టాను. ఒక క్లయింట్ రాత ఉన్న పేజీలే చాలంటున్నారు. కాగితం పసుపు రంగు తీసేసి అక్షరాలు నల్లగా, వెనకంతా తెల్లగా ఉండేలా ఇవ్వమంటున్నారు. అలా చేస్తే ఇబ్బందా?

జవాబు: తెల్ల కాపీ అడిగితే ఇవ్వండి, అందులో తప్పులేదు. కానీ స్కాన్ చేసేటప్పుడే అలా చేయకండి. ముందు కాగితం ఎలా ఉందో అలాగే, రంగుల్లో, నాలుగు అంచులూ కనిపించేలా ఒక మాస్టర్ కాపీ తీసి పెట్టుకోండి. దాన్నుంచి తెల్ల కాపీ ఎప్పుడైనా చేసుకోవచ్చు. తెల్ల కాపీలోంచి అసలు కాగితాన్ని వెనక్కి తేలేం.

వెనక పేజీల సంగతి నాకు అనుభవంలో తెలిసింది. పనిలో చేరిన కొత్తలో ఒక కుటుంబం ఉత్తరాల కట్ట చేశాను, 140 దాకా ఉన్నాయి. ఒక్కో ఉత్తరం తిప్పి చూసి, వెనక ఏమీ లేదనిపిస్తే వదిలేశాను. మూడు నెలల తర్వాత పరిశోధకురాలు ఫోన్ చేశారు. తేదీ లేని ఉత్తరాలు 11 ఉన్నాయి, వెనక ఎక్కడైనా అందిన తేదీ వేసి ఉందా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ అనుమతి తీసుకుని, కట్ట తెప్పించుకుని కూర్చున్నాను. మామూలుగా చూస్తే అప్పుడూ ఏమీ కనిపించలేదు. టేబుల్ దీపాన్ని కిందికి వంచి, వెలుతురు కాగితం మీద పక్కనుంచి పడేలా పెట్టాను. నాలుగు ఉత్తరాల వెనక, కింది మూలలో, సన్నటి గాడి నీడ కట్టింది. ఎవరో పెన్సిల్‌తో రాసిన తేదీ. పెన్సిల్ పొడి ఎప్పుడో రాలిపోయింది, చేతి ఒత్తిడికి పడిన గాడి మాత్రం మిగిలింది. ఆ నాలుగు తేదీలతో ఆమె ఉత్తరాల వరస మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఒక్క వెనక పేజీ కూడా వదల్లేదు.

ఇక రంగు. పాత రాతల్లో చాలాచోట్ల ఇనుప లవణం, మాచికాయ కలిపి చేసిన సిరా ఉంటుంది. రాసినప్పుడు నల్లగా ఉన్నది ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి కాగితాన్నే తినేస్తుంది. పసుపు కాగితం మీద గోధుమ రంగు గీతలను బ్లాక్ అండ్ వైట్ చేయమంటే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఒకసారి పెద్దది చేసి చూడండి. సన్నటి గీతలు ఎగిరిపోతాయి. వెనక పేజీ నుంచి ఇటు దిగిన సిరా మాత్రం నల్లటి అక్షరంలా నిలబడుతుంది. తర్వాతెప్పుడో ఇంకొకరు వేరే సిరాతో చేసిన దిద్దుబాటు కూడా మొదటి రాతలో కలిసిపోతుంది. పరిశోధకులకు ఒక్కోసారి కావాల్సింది సరిగ్గా ఆ దిద్దుబాటే. కాగితం పల్చగా ఉండి వెనక రాత కనిపిస్తుంటే, కింద ఒక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి, చాలా తగ్గుతుంది.

పేజీకి చీటీ గుచ్చి ఉంటే చీటీతో ఒకటి, చీటీ ఎత్తి పట్టుకుని ఒకటి తీయండి. గుండుసూది మీరు తీయొద్దు, అక్కడి సిబ్బందిని పిలవండి.

ప్రశ్న: ఎన్ని డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు, పెట్టాలి? ఒకరు 300 చాలంటారు, ఒకరు 600 లేకుండా పని మొదలుపెట్టొద్దంటారు.

జవాబు: మామూలు సైజు రాతకు, అచ్చుకు నేను 400 పెడతాను. ఎ4 కాగితం 400లో రంగుల్లో తీస్తే, కుదించని టిఫ్ అనే రకం బొమ్మ ఫైల్ దాదాపు 46 ఎంబీ వస్తుంది. 600 పెడితే 104 ఎంబీ దాటుతుంది. వెయ్యి పేజీలకు ఎంత అవుతుందో లెక్కేసుకుని, హార్డ్ డిస్క్ చూసుకుని మొదలుపెట్టండి. అంచుల్లో చిన్న అక్షరాల నోట్సు ఉంటే 600 తప్పదు. నెగెటివ్‌ల లాంటి చిన్న వాటికి ఇంకా చాలా ఎక్కువ కావాలి. ప్రతి కట్ట మొదటి ఫ్రేమ్‌లో స్కేలు, రంగులు సరిచూసుకునే కలర్ కార్డు పెట్టడం మర్చిపోవద్దు. డీపీఐ గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు కూడా స్కేలు పెట్టరు. స్కేలు లేకపోతే ఆ కాగితం అరచేతిలో ఇమిడేదో, టేబుల్ నిండేదో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఫైళ్లు మరీ పెద్దవవుతున్నాయని పీడీఎఫ్‌లో గట్టిగా కుదించి పంపుతున్నాను. చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి. చాలదా?

జవాబు: శుభ్రంగా ఉండటమే నమ్మడానికి కారణం కాకూడదు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టారు. ఒక ఇంటి ప్లాన్‌ను ఆఫీసుల్లో వాడే స్కానింగ్ యంత్రంలో పెడితే, మూడు గదుల్లో వేర్వేరుగా ఉండాల్సిన వైశాల్యాలు, 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు, స్కాన్‌లో మూడూ 14.13గా వచ్చాయి. మసక లేదు, మరక లేదు. స్పష్టంగా, చక్కగా, తప్పు అంకె. జేబిగ్2 అనే కుదింపు పద్ధతిలో, ఒకేలా ఉన్నాయనిపించిన ముక్కల్లో ఒకదాన్నే దాచుకుని మిగతా చోట్లా అదే అతికించే వీలుంది. దానివల్ల వచ్చింది ఆ పొరపాటు. మరో కాగితంలో 6 కాస్తా 8 అయింది.

మీరు చేసేవి లెక్కల పుస్తకాలు. అందులో ఒక అంకె మారితే పట్టుకునేవాళ్లు ఉండరు, ఎందుకంటే పరిశోధకుల చేతిలో ఉండేది మీ ఫైలే. కాబట్టి చదువుకోవడానికి మామూలు జేపెగ్‌లతో చేసిన పీడీఎఫ్ పంపండి, వెంట మాస్టర్ టిఫ్‌లు హార్డ్ డిస్క్‌లో ఇవ్వండి. టిఫ్‌లను కుదించాల్సి వస్తే ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే పద్ధతి వాడండి, అందులో ఒక్క చుక్క కూడా పోదు. పంపేముందు ఎక్కడో ఒకచోట తెరిచి, నాలుగైదు పేజీల్లో అంకెలను అసలు పుస్తకంతో వేలు పెట్టి సరిచూసుకోండి. దీనికి అరగంట పడుతుంది. ఆ అరగంట బిల్లులో వేయండి.

ప్రశ్న: చేతిరాతకు ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రంతో చదివించి టైపు పాఠంగా మార్చి, ఇస్తానని ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. మంచి అచ్చుకు సరే. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, చాలావరకు ఆ రాతకు తగ్గట్టు నేర్పించాలి, ఆపైన మనిషి సరిచూడాలి. చేస్తే దాన్ని వేరే పనిగా, వేరే రేటుతో చేయండి. అది యంత్రం చదివిన పాఠం అని ఫైల్ పేరులోనే ఉంచండి.

ప్రశ్న: పాత కాగితాలు ముట్టుకునేటప్పుడు తెల్ల గ్లవ్స్ వేసుకోవాలా?

జవాబు: కాగితానికి వద్దు. నూలు గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, పెళుసు అంచు చిరిగాక గానీ తెలియదు. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, క్రీములేవీ రాసుకోకుండా ముట్టుకోండి. ఫొటోలకు, నెగెటివ్‌లకు మాత్రం నైట్రైల్ గ్లవ్స్ (పల్చటి రబ్బరు లాంటివి) వేసుకోండి, వేలిముద్ర పడితే పోదు. ఆ ఆర్కైవ్ నియమం వేరేగా ఉంటే వాళ్లు చెప్పిందే చేయండి.