"అంతే" పుట్టింది "అంతం" నుంచేనా?

"ఇక అంతే సంగతులు" అంటే పని అయిపోయిందనే కదా, మరి "అంతే" కూడా "అంతం" నుంచే వచ్చిందా అని ఒకరు అడిగారు. కాదు, రెండూ వినడానికి ఒకేలా ఉండటంతో వచ్చిన చిక్కిది.

1. "అంతే" అచ్చ తెలుగు: అంత + ఏ. ఆ మేరకే అని.

2. "అంతం" సంస్కృతం. ముగింపే కాదు, అంచు, హద్దు కూడా. "నీ అంతు చూస్తా"లో ఉన్నది దీని తద్భవమే, అంటే దీన్నుంచి మారి వచ్చిన తెలుగు రూపమే.

3. ఏది ఏదో తేల్చుకోవడానికి అందరూ వదిలేసే స్టెప్ ఇదే: అనుమానం వచ్చిన మాటలో "అ" తీసి "ఇ" పెట్టి చూడండి. పాత ఉత్తరాల చివర "ఇంతే సంగతులు, చిత్తగించవలెను" అని రాసేవారు, అక్కడ చక్కగా కుదిరింది కాబట్టి అది అంత, ఇంత, ఎంత కుటుంబమే. "నీ ఇంతు చూస్తా" అంటే ఎవరూ భయపడరు!

వేదాంతం, సిద్ధాంతం, అనంతం, ఆఖరికి ప్రాంతం కూడా రెండో రకమే. దేశాంతరం మాత్రం వేరు, అందులో ఉన్నది "అంతర", అంటే మరొకటి.