నాన్న నొప్పి మాత్రలు మానలేకపోతున్నారు, నేను చదువు ఆపాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న రైసు మిల్లులో కలాసీ. బస్తా ఎత్తుతుంటే నడుం పట్టేసింది. డాక్టర్ రాసిన ట్రమడాల్ మూడేళ్లుగా వాడుతున్నారు. ఇప్పుడు ఒక పూట వేసుకోకపోతే చెమటలు, నిద్ర పట్టదు. ఇంట్లో అందరూ ఆయన్నే తిడుతున్నారు. చదువు ఆపి పనికి వెళ్లాలా? చదివితే ఇలాంటి సమస్య మీద పనిచేసే కోర్సు ఏది?

జవాబు: చదువు ఆపొద్దమ్మా. నాన్నగారిని తిట్టడం కూడా ఆపించు. ట్రమడాల్ మార్ఫిన్ తరహా మందు, వీటిని ఓపియాయిడ్లు అంటారు. నెలల తరబడి వాడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఆ చెమటలు. స్ట్రిప్పు దాచేసి ఒక్కసారిగా మాన్పించకండి, డాక్టర్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. దాని బదులు డైక్లోఫెనాక్ లాంటి వేరే నొప్పి మాత్రలు సొంతంగా మొదలుపెట్టినా ప్రమాదమే. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఉన్న జిల్లాలో ఆ భయం ఏమిటో నీకు తెలుసు.

ఒకసారి ఓ మిల్లు దగ్గర చూశాను. బస్తా వీపు మీదికి ఎక్కించుకునే ముందు ఒకాయన చొక్కా జేబులోంచి మాత్ర తీసి, నీళ్లయినా లేకుండా మింగేశాడు. ఆ పూట కూలి పోకూడదని. డాక్టర్ నెల రోజులు రెస్ట్ అంటే ఆ నెల ఇంటికి బియ్యం ఎవరు తెస్తారు? ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు శ్రీకాకుళం వెళ్లాలంటే బస్సు ఛార్జీలూ పోతాయి, కూలీ పోతుంది. మాత్ర ఒక్కటే చవక. ఇది మన ఊరి కథే కాదు. ఇంగ్లండ్‌లో పేదరికం ఎక్కువున్న ప్రాంతాల్లోనే ఈ మందులు ఎక్కువగా రాస్తున్నారు. అమెరికాలో 1996లో ఆక్సికాంటిన్ అనే ఇదే తరహా నొప్పి మాత్ర వచ్చాక ముందుగా, గట్టిగా దెబ్బతిన్న చోట్లలో బొగ్గు గనుల పశ్చిమ వర్జీనియా ఒకటి. అక్కడా నడుములు విరిగే పనులే. మన దేశంలో ఇంకో అన్యాయం కూడా ఉంది. నిజంగా మార్ఫిన్ అవసరమైన క్యాన్సర్ రోగులు చాలామందికి అది అందడం లేదు.

ఇక కోర్సు. ఫార్మ్ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఆరేళ్లు. రోగి వాడే మందులన్నీ పక్కనుండి చూసే చదువు, నీ ప్రశ్నకు దగ్గరిదే. కానీ మీ ఇంటి పరిస్థితికి ఆరేళ్లు బరువు. నన్నడిగితే నాలుగేళ్ల బీఫార్మసీ తీసుకో. రెండింటికీ ఈఏపీసెట్ రాస్తే చాలు. కన్వీనర్ కోటా సీటు తెచ్చుకుని ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి దరఖాస్తు పెట్టు. తర్వాత రెండేళ్ల ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేస్తే, ఏ ఊళ్లో ఎవరు ఏ మందుకి అలవాటు పడుతున్నారో, ఎందుకో లెక్కతీసే పని దొరుకుతుంది. ఏపీపీఎస్సీ ద్వారా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ అయ్యే దారీ ఉంది, నోటిఫికేషన్లు మాత్రం అరుదు. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకంపై గట్టి నిబంధనలున్న జాబితాలోది. అమ్మినప్పుడల్లా రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని మాత్రలో షాపువాళ్లు విడిగా రిజిస్టర్‌లో రాయాలి. 2018 నుంచి అది మాదకద్రవ్యాల చట్టం కిందకీ వచ్చింది. ఆ రిజిస్టర్ తెరిచి చూసే అధికారం డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌ది.

ఈ వారమే నాన్నగారిని శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లు. పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో వేసుకుని, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. వెళ్లేలోపు ఏదైనా అడగాలంటే 14446కి ఫోన్ చెయ్యి, అది మత్తు అలవాట్ల హెల్ప్‌లైన్. టెన్షన్‌గా ఉండి నీకే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.